ఫ్యాన్ ఎన్నిసార్లు తిరిగింది?

బెంగళూరు నుంచి వెళ్తుంటే, బాగేపల్లి ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా కారులో పాకం మాడుతున్నట్టు తియ్యటి వాసన వచ్చింది. మొదట బయటి నుంచి అనుకున్నాను. రెండు నిమిషాలకు మీటర్ బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. ఏసీ ఆపి, బండిని రోడ్డు పక్కన చెట్టు కిందికి తీసి, ఇంజన్ ఆపేశాను. బానెట్ అంచుల్లోంచి సన్నగా ఆవిరి వస్తోంది. అనంతపురంలో పెదనాన్న వాళ్ళ గృహప్రవేశం మర్నాడు పొద్దున్నే. థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచి మూసే వాల్వు) కొత్తది, వేసి నాలుగు రోజులే అయింది.

నాన్నకు ఫోన్ చేశాను. ఆయన డిపోలో ముప్ఫై ఏళ్ళు బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి. నేను చెప్పిందంతా విని ఒకే మాట అడిగారు. "మొన్న మార్చినప్పుడు ఫ్యాను ఎన్నిసార్లు తిరిగింది పాపా?"

నాకు తెలియదు. నేను ఎదురుగా టీ కొట్టులో ఉన్నాను. వేడి నీళ్ళను చల్లార్చే రేడియేటర్ ఫ్యాను అసలు తిరిగిందో లేదో కూడా చూడలేదు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో పూర్తిగా అర్థం కావడానికి నాకు తర్వాతి వారం శని, ఆదివారాలు పట్టాయి. అర్థమయ్యాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. థర్మోస్టాట్ మార్చాక బండి మళ్ళీ హీటెక్కితే, కింద చుక్కలు పడితే, చాలామంది వెంటనే "డూప్లికేట్ పార్టు వేశాడు" అంటారు. డూప్లికేట్లు లేవని నేను అనను, స్పేర్ పార్టుల కొట్లుండే జేసీ రోడ్డులో తిరిగినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. కానీ మార్చిన నాలుగు రోజుల్లోనే మొదలైన గొడవల్లో ముందు చూడాల్సినవి రెండున్నాయి. పార్టు కూర్చున్న చోటు శుభ్రంగా ఉందా? లోపలి గాలి బయటికి పోయిందా? ఈ రెండూ ఓపికతో చేసే పనులు. వాటికి మనం డబ్బులు ఇవ్వం, మెకానిక్ సమయం ఇవ్వడు. ఈ ఏర్పాటు మారాలి.

గాలి ఎందుకంత ప్రమాదమో తెలియాలంటే ఆ పార్టును ఒకసారి చేతిలో పెట్టుకుని చూడాలి. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మధ్యలో ఇత్తడి డబ్బాలాంటిది, దాని నిండా మైనం. అంచు మీద 82 అనో 88 అనో అంకె చెక్కి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ వాల్వు మూసుకుని, నీళ్ళను రేడియేటర్ దాకా పోనివ్వకుండా ఇంజన్ చుట్టూనే తిప్పుతుంది. నీళ్ళు ఆ వేడికి రాగానే మైనం కరిగి, ఉబ్బి, లోపలి పుల్లను తోసి వాల్వును తెరుస్తుంది. ఇంకో పది, పదిహేను డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. కరెంటు లేదు, వైరు లేదు. మైనాన్ని వేడి నీళ్ళు తాకాలి, అంతే.

మరి అక్కడ నీళ్ళకు బదులు గాలి బుడగ నిలబడితే? ఇంజన్ లోపల నీళ్ళు మరుగుతుంటాయి, మైనానికి మాత్రం ఆ కబురు సమయానికి అందదు. వాల్వు మూసుకునే ఉంటుంది. కొత్త పార్టు పాతదానిలాగే పట్టేసిందని మనం అనుకుంటాం. ఇంకోటి కొంటాం, ఇంకోసారి విప్పుతాం, ఇంకోసారి గాలి పోగవుతుంది. మెకానిక్‌లు దీన్నే ఎయిర్ లాక్ అంటారు.

ఇంతకన్నా భయపెట్టే సంగతి ఒకటుంది. వేడి కొలిచే సెన్సార్ ఉన్న చోట కూడా గాలే ఉంటే అది నీళ్ళ వేడిని సరిగ్గా చెప్పలేదు. మా బండికి వేడి చూపించే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, ప్రమాదమైతే ఎర్ర లైటు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతోందో నడిపేవాళ్ళకు కనిపించదు. ఇప్పుడు వచ్చే చాలా చిన్న కార్లు ఇంతే. ఎర్ర లైటు వెలిగేసరికే ఇంజన్ ఎంత బాధపడిందో మనకు తెలియదు. ముల్లు తీసేయడం నా దృష్టిలో తప్పు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పెట్టుకునే చిన్న బ్లూటూత్ రీడర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌లో అంకె చూపిస్తుంది. పాత బండి ఉన్న ప్రతి ఒక్కరూ కొనుక్కోవాలి.

బాగేపల్లి కర్ణాటకలోనే ఉన్నా ఊరంతా తెలుగే వినిపిస్తుంది. అక్కడి నుంచి బైకు మీద వచ్చిన మెకానిక్ ఒక పెద్దాయన. రాగానే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయలేదు, అందుకే ఆయన మీద గౌరవం కలిగింది. ముప్పావుగంట కూర్చున్నాం. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి మీదున్న నీళ్ళు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కాలిన ఇంజన్ మీద చల్లనీళ్ళు గుమ్మరించడం కూడా అంతే పొరపాటు, అల్యూమినియం హెడ్ (ఇంజన్ పై దిమ్మ) వంగిపోతుంది, పగిలినా పగులుతుంది. పైన రబ్బరు పైపు చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక, గుడ్డ వేసి మెల్లగా మూత తీశారు. లీటరున్నర నీళ్ళు పట్టింది. మొత్తం నాలుగైదు లీటర్లు పట్టే బండిలో లీటరున్నర ఖాళీ! "ఇదంతా గాలేనమ్మా. కొంచెం లీకూ ఉండాది" అన్నారు, థర్మోస్టాట్ హౌసింగ్ (అది కూర్చునే గూడు) కింద వేలు పెట్టి చూపిస్తూ. వేలికి తడి అంటింది.

ఆ తర్వాత ఆయన ఇంకో మాట అన్నారు. "తీసి పారేద్దామా? మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు?"

ఈ మాట నేను బెంగళూరులో విన్నాను, అనంతపురంలో విన్నాను, చెన్నైలో ఉండే మా చెల్లెలు అక్కడి బండి సామాన్ల బజారు పుదుపేటలో విన్నది. అనుభవం ఉన్న మంచి మెకానిక్‌లే అంటారు. అయినా ఇది తప్పు. అనంతపురం మే నెల ఎండ 42, 43 డిగ్రీలు. ఇంజన్‌కు కావాల్సింది 85, 90. మన ఎండ ఎంత మండినా ఇంజన్ లెక్కలో అది చల్లదనమే. థర్మోస్టాట్ లేని ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, హైవే మీద సరైన వేడికి చేరదు కూడా. ఇంజన్ కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆయిల్‌లో తేమ ఆవిరి కాక జిగురు తయారవుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని రెండో వైపు చిన్న దారిని మూస్తుంది. అది తీసేస్తే ఆ చిన్న దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత రేడియేటర్‌కు పోకుండానే వెనక్కి తిరుగుతాయి. హీటు తగ్గాలని తీసేస్తే ట్రాఫిక్‌లో హీటు పెరుగుతుంది. ఫ్యాన్‌కు డైరెక్ట్ వైరు ఇచ్చి ఎప్పుడూ తిరిగేలా పెట్టడం కూడా ఇలాంటి వైద్యమే. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ కప్పడం.

"వద్దు సార్, నీళ్ళు నింపి పంపించండి చాలు" అన్నాను. వాటర్ బాటిళ్ళు వెనక సీట్లో పెట్టుకుని, ముప్ఫై కిలోమీటర్లకోసారి ఆగి చల్లార్చి చూసుకుంటూ అనంతపురం చేరాను. వచ్చేటప్పుడూ అంతే. అలా నడపమని ఎవరికీ చెప్పను. ఆ రోజు నాకు వేరే దారి కనిపించలేదు.

శనివారం పొద్దున మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు విప్పాను. పాత పెయింటు బకెట్‌లోకి నీళ్ళు దింపి, లీటరు సీసాతో కొలిచాను. 2 లీటర్ల 800. ఈ అంకె రాసి పెట్టుకోవాలి, తర్వాత దీంతో పని ఉంది. దిగింది కూలెంట్ (ఇంజన్‌ను చల్లార్చే, మందు కలిపిన నీళ్ళు) అయితే ఆకుపచ్చగా ఉండాల్సింది, లేత టీ రంగులో ఉంది. దారిలో మేం పోసింది సరే, థర్మోస్టాట్ మార్చినప్పుడు పోసింది కూడా కుళాయి నీళ్ళేనన్నమాట. మా వైపు కుళాయి అంటే టాంకర్ బోరు నీళ్ళు. బకెట్ అంచున తెల్ల పొర కట్టే నీళ్ళు ఇంజన్ సన్న దారుల్లో ఏం చేస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

హౌసింగ్‌కు రెండు బోల్టులు. తీయగానే సమస్య కంటికి కనిపించింది. అల్యూమినియం ముఖం మీద పాత తుప్పు తెల్లగా గట్టిపడి ఉంది, ఒకచోట గింజంత గుంట. దాన్ని గీకకుండా పైనుంచి బూడిద రంగు సిలికాన్ పేస్టు దట్టంగా పూశారు. థర్మోస్టాట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు ఆ పేస్టు మీద జారి ఒక పక్కకు నలిగింది. రబ్బరు రింగు ఉన్న థర్మోస్టాట్‌కు, కంపెనీ ప్రత్యేకంగా చెబితే తప్ప, పేస్టు వద్దు. శుభ్రమైన ముఖం మీద రింగు పొడిగా కూర్చుంటే చాలు. పిండగా లోపలికి పొంగిన పేస్టు ఊడిపోయి రేడియేటర్ సన్న గొట్టాల్లో చిక్కుకుంటే అది ఇంకో జబ్బు.

రెండో తప్పు ఇంకా చిన్నది. థర్మోస్టాట్ అంచులో బియ్యపు గింజంత రంధ్రం, అందులో కదిలే చిన్న ఇత్తడి సూది ఉంటుంది. వాల్వు మూసి ఉన్నప్పుడు గాలి తప్పించుకోవడానికి దారి అది. మా బండి లాగా థర్మోస్టాట్ నిలువుగా కూర్చునే వాటిలో అది పైకి, గడియారంలో 12 ఉన్న వైపు ఉండాలి. ఎందుకంటే గాలి పైకి చేరుతుంది కదా. మొదట మార్చిన మెకానిక్ దాన్ని 6 వైపు పెట్టాడు. గాలికి ఉన్న ఒక్క కిటికీని నీళ్ళలో ముంచేశాడు.

థర్మోస్టాట్‌ను పారేయలేదు. వంటింట్లో పక్కన పడేసిన పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగించాను. 80 దాటగానే వాల్వు అంచున వెంట్రుకంత సందు. 90 దాటేసరికి చిటికెన వేలి గోరు పట్టేంత. పొయ్యి ఆపితే మళ్ళీ మెల్లగా మూసుకుంది. పార్టు ఆరోగ్యంగా ఉంది! (బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనే ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. 82 ది పరీక్షించడానికి అది చాలు.)

ఈ 97 అనే అంకె ఇంకో విషయం గుర్తు చేస్తుంది. రేడియేటర్ మూత. దాని మీద 0.9 అనో 1.1 అనో ముద్ర ఉంటుంది, అన్ని బార్ల ఒత్తిడి పట్టి ఉంచుతుందని అర్థం. ఆ ఒత్తిడి వల్లే లోపలి నీళ్ళు 20 డిగ్రీలకు పైగా ఆలస్యంగా మరుగుతాయి. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే, థర్మోస్టాట్ ఎంత కొత్తదైనా హైవే మీద నీళ్ళు మరిగి రిజర్వ్ ట్యాంకులోంచి పొంగిపోతాయి. నేను మూత కూడా మార్చాను. థర్మోస్టాట్‌తో పాటు మూత మార్చడం ఆనవాయితీగా పెట్టుకోవాలని నా అభిప్రాయం, దాని ధర ఎంతని.

హౌసింగ్ ముఖం శుభ్రం చేయడానికి గంటంబావు పట్టింది. లోపలి దారిలో గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ గీకుడు ముక్కతో పేస్టు తీసి, చెక్క ముక్కకు చుట్టిన సన్న ఉప్పు కాగితంతో సున్నితంగా రుద్దాను. గుంట రింగు కూర్చునే చోటుకు బయట ఉంది కాబట్టి బతికిపోయాను, లోపల ఉంటే హౌసింగే మార్చాలి. తర్వాత బోల్టులు. చిన్న బోల్టులకు పది న్యూటన్ మీటర్ల బిగువు చాలు. పాతిక సెంటీమీటర్ల కడ్డీ చివర నాలుగు కిలోల సంచీ వేలాడదీస్తే ఎంతో అంత. లీకవుతోందని ఇంకాస్త, ఇంకాస్త అని బిగిస్తే అల్యూమినియం థ్రెడ్ పోతుంది, ప్లాస్టిక్ హౌసింగ్ అయితే పగులుతుంది. నాన్న ఫోన్‌లోనే "రెండిటినీ మార్చి మార్చి బిగించు, ఒకదాన్నే పట్టుకోవద్దు" అన్నారు.

ఆ తర్వాతే అసలు పని మొదలైంది.

బోరు నీటి మిగులు పోవాలని డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాను. కలిపి అమ్మే కూలెంట్ తెచ్చాను, దాంట్లో మళ్ళీ నీళ్ళు కలపకూడదు. కలపని గాఢమైనదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్. మనకు మంచు పడదు కాబట్టి కూలెంట్ అక్కర్లేదనేవాళ్ళు దాంట్లోని తుప్పు ఆపే మందుల సంగతి మరిచిపోతున్నారు. రంగు చూసి ఒకటే రకమనుకోవడం కూడా ప్రమాదం. ఏ రంగు ఏ రకమో కంపెనీని బట్టి మారుతుంది, పడని రకాలు కలిస్తే లోపల జిగురు గడుతుంది. బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి. నేల మీద ఒలికింది వెంటనే కడిగేయాలి, తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి, చచ్చిపోతాయి.

బండిని సెల్లార్ ర్యాంపు మీద ముందు చక్రాలు పైకి ఉండేలా నిలిపాను, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి. రేడియేటర్ మూత అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పాను. బెంగళూరులో హీటర్ వేసేవాళ్ళు తక్కువ, కానీ దాని చిన్న రేడియేటర్‌లో కూడా గాలి దాక్కుంటుంది. సన్నటి ధారగా పోశాను. లీటరూ 900 దగ్గర నిండిపోయింది. దింపింది 2 లీటర్ల 800 అని రాసుకున్నాను కదా. అంటే ఇంకా 900 మిల్లీలీటర్ల గాలి లోపలే ఉంది. మొదటి మెకానిక్ ఈ దశలోనే మూత బిగించి "అయిపోయింది మేడం" అన్నాడు.

మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేశాను. పై పైపును నొక్కి వదిలితే గుడగుడమని బుడగలు వచ్చాయి, మట్టం జర్రున దిగింది, పోశాను. పదిహేను నిమిషాలకు ఫోన్‌లో 84. పై పైపు అప్పటిదాకా గోరువెచ్చగా ఉంది, ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత కాలింది. థర్మోస్టాట్ తెరుచుకున్న క్షణం అది. పెద్ద బుడగ ఒకటి పైకి వచ్చింది. మళ్ళీ పోసి మూత పెట్టాను. 96 దగ్గర ఫ్యాన్ మొదలైంది, 91 దగ్గర ఆగింది. హీటర్ గాలి ముఖానికి సెగలా తగిలింది. రెండోసారి తిరిగింది. మూడోసారి కూడా. ఫ్యాన్ తిరిగి ఆగిందంటే వేడి నీళ్ళు రేడియేటర్ దాకా వచ్చాయి, చల్లబడి వెనక్కి పోయాయి, మధ్యలో దారి తెగలేదు అని అర్థం. నాన్న ప్రశ్నలో ఇంత ఉంది. ఇంజన్ కాగుతున్నా ఫ్యాన్ తిరగకపోతే, కింది పైపు చల్లగానే ఉంటే, దారి ఎక్కడో తెగిందని.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచాను. పొద్దున అట్ట పొడిగా ఉంది, హౌసింగ్ కింద టిష్యూ పేపర్ తిప్పితే తడి లేదు. పైపులు బిగించే కొన్ని క్లిప్పుల దగ్గర ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కారుతుంది కాబట్టి ఈ పొద్దుటి చూపు తప్పనిసరి. మట్టం రెండు వేళ్ళు దిగింది. మిగిలిన గాలి రాత్రి చల్లారేటప్పుడు బయటపడిందన్నమాట. పోశాను. ఆ తర్వాత దిగలేదు.

ఇవన్నీ చేసినా రోజూ మట్టం దిగుతుంటే, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద పై పైపు రాయిలా బిగిసి ఉంటే, మూత తీస్తే బుడగలు ఆగకుండా వస్తుంటే, ఆయిల్ పాల టీ రంగుకు తిరిగితే, అనుమానించాల్సింది హెడ్ గ్యాస్కెట్‌ను (హెడ్‌కూ కింది ఇంజన్ దిమ్మకూ మధ్య లీకు కాకుండా ఉండే పొర). ఇంట్లో ప్రయోగాలు అక్కడితో ఆపి వర్క్‌షాప్‌కు టో చేయించాలి. నడిపి తీసుకెళ్ళకూడదు.

సోమవారం సాయంత్రం మొదటి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. మదనపల్లె వైపు కుర్రాడు, రోజుకు పది బండ్లు చూస్తాడు. నలిగిన రింగు చూపించాను. చేతిలోకి తీసుకుని, వేలితో ఆ నలుగుడు తడిమి చూశాడు. వాదించలేదు. "మీరే గంటలో కావాలన్నారు కదక్కా" అన్నాడు. అన్నాను, నిజమే. ఆ రోజు బిల్లులో పార్టుకు 700, లేబర్‌కు 400 ఉంది. గీకడానికి, నిలబడి ఫ్యాన్ చూడటానికి, రాత్రి ఉంచి పొద్దున మట్టం చూడటానికి ఒక్క రూపాయి లేదు. ఆ పనికి ధర లేకపోతే ఆ పని ఉండదు. "రాత్రి ఇక్కడే ఉంచుకుంటే ఎంత తీసుకుంటావు?" అని అడిగాను. అట్లా ఎవరూ అడగరు అన్నాడు. కాసేపు ఆలోచించి ఇంకో 500 అన్నాడు. వంగిన ఇంజన్ హెడ్‌ను మళ్ళీ చదును చేయించడానికి (హెడ్ ఫేసింగ్) ఇచ్చేదాంతో పోలిస్తే అదేమంత?

పోయిన నెల మా పక్క ఫ్లాట్ వాళ్ళ బండికి ఇదే పని పడింది. అతని దగ్గరే, ఆ 500 ముందే ఒప్పుకుని, సాయంత్రం వదిలి వచ్చాం. పొద్దున ఏడింటికి ఫోన్ చేశాడు. "మట్టం రెండు వేళ్ళు దిగిందక్కా, పోసినా. ఫ్యాను నాలుగుసార్లు తిరిగింది. అట్ట పొడిగానే ఉంది, వచ్చి తీసుకుపోండి."